పదమూడో తేదీ పెళ్ళిళ్ళు

నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఉద్యోగ విరమణ చేశాను. నవ్వకండి. తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర ఎరువుల కొట్టు మేడమీద, రెండే రెండు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసులో నాలుగేళ్ళు ప్రోగ్రాములు రాశాను. సెప్టెంబరులో పాప పుట్టింది. పాపను చూసుకోవడానికి మంచి మనిషి దొరికేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆ మంచి మనిషిని నేనేనన్న సంగతి మా ఇంట్లో అందరికీ ముందే తెలుసు, నాకు తప్ప.

నా కుర్చీలోకి ఇద్దరమ్మాయిలు వస్తున్నారట. మా ఆఫీసు యజమాని నటరాజన్ సార్ కబురు పంపారు. "నువ్వు నేర్చుకున్నదంతా వాళ్ళకు రాసిపెట్టు జయంతీ, టెక్నికల్‌గా ఉండాలి" అని. ఆయన అడిగింది వేరు, ఆయనకు అందబోయేది వేరు. తమిళంలో రాస్తే ఆయన చదువుతారు. అందుకే తెలుగులో రాస్తున్నాను. మీరిద్దరూ తిరుత్తణి వైపు పిల్లలే అన్నారు కనుక మీకు ఇబ్బంది ఉండదు.

పాప నిద్రపోయాక కూర్చుంటున్నాను. పేజీకోసారి లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వస్తున్నాను. ఎక్కడైనా మాట తెగినట్టుంటే అప్పుడు లేచానని అనుకోండి.

భయం కూడా ఒక అర్హతే

గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరినుంచి వెనక్కి వచ్చి చూసే రకమా మీరు? అయితే ఈ పనికి పుట్టారు. మా అత్తగారు నన్ను పిరికిదానివంటారు. నిజమే. ఆ పిరికితనానికే నాకు నాలుగేళ్ళు జీతమిచ్చారు. ధైర్యవంతులు రాసిన ప్రోగ్రాములను బాగుచేయడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది.

నటరాజన్ సార్ ధైర్యవంతులు. మంచివారు, తెలివైనవారు, మెషిన్ భాషలో నేరుగా రాయగలిగినవారు. పండగకు చీర కూడా ఇస్తారు. కానీ ఏది చేసినా రెండు నిమిషాల్లో చేస్తారు. ఆయన రెండు నిమిషాల్లో చేసినదాన్ని విప్పి చూడడానికి నాకు రెండు రోజులు పట్టేది. ఇది ఫిర్యాదు కాదు. మీరు వెళ్ళేది ఆ ఆఫీసుకే, తెలుసుకుని వెళ్ళండని చెబుతున్నాను.

గిన్నె మనది

కాలేజీలో చెప్పరు కనుక ఇది నేను చెబుతాను.

కీబోర్డు మీద కొట్టిన అక్షరాలు తెచ్చివ్వడం, తెరమీద ఏదైనా చూపించడం లాంటి పనులు మన ప్రోగ్రాము సొంతంగా చేయదు. ఆపరేటింగ్ సిస్టంలో అందుకు తయారుగా ఉన్న ఫంక్షన్లుంటాయి, వాటిని పిలుస్తుంది. పిలిచేటప్పుడు, తెచ్చింది పెట్టడానికి చోటు మనమే చూపించాలి. ఆ చోటు పేరే బఫర్. మెమరీలో వరసగా ఉన్న గళ్ళు అనుకోండి, గడికి ఒక అక్షరం పడుతుంది.

మా వీధిలో పాలుపోసే ఆయన ఉన్నారు. మాటల మనిషి. తల పక్కింటివాళ్ళ వైపు తిప్పి మాట్లాడుతూ మన గిన్నెలో పాలు పోస్తారు. "ఎంతమ్మా?" అని అడుగుతారు. లీటరంటే లీటరు పోస్తారు. మీరు పట్టుకున్నది అరలీటరు గిన్నె అయినా సరే పోస్తారు. మిగిలింది గడపమీదికి పోతుంది, పక్కనున్న చెప్పుల్లోకి పోతుంది. ఆయన తప్పేం లేదు, మీరు చెప్పిన కొలతే పోశారు. సిస్టం ఫంక్షన్ కూడా అచ్చం ఆయనే. గిన్నెలోకి చూడదు. మీరు చెప్పిన అంకెను నమ్ముతుంది.

తెరమీద మాట చూపించే ఫంక్షన్ ఇంకా అమాయకురాలు. మాట ఎక్కడ ఆగిందో తెలియడానికి చివర డాలర్ గుర్తు పెట్టాలి. అది కనిపించేదాకా మెమరీలో ఏముంటే అది చూపిస్తూనే పోతుంది. కడంబత్తూరులో ఒక రైస్ మిల్లు ఆయనకు మా ప్రోగ్రాము చూపించడానికి వెళ్ళినప్పుడు నటరాజన్ సార్ "వెల్‌కమ్" అని రాసి డాలర్ మరిచిపోయారు. వెల్‌కమ్ వచ్చింది. ఆ వెనకే నవ్వు ముఖాలు, పేకముక్కల గుర్తులు, గీతలు, పిచ్చి అక్షరాలు తెరనిండా పరిగెత్తాయి, కుయ్ కుయ్‌మని చప్పుడు కూడా. మిల్లాయన చేతులు జోడించి, "ఎంత బాగుండాది సార్! దీపావళి మాదిరి ఉండాది. ఇది మాత్రం తీసేయొద్దండి" అన్నాడు. సార్ నావైపు చూడకుండా, "ఎక్స్‌ట్రా చార్జ్ లేదు" అన్నారు.

ఆ గిన్నె ఒలికినప్పుడు నవ్వుకున్నాం. రెండోసారి ఒలికింది ఒక ఆడపిల్ల పెళ్ళిమీద.

నాయుడు మామ కల్యాణ మండపం

తిరుత్తణిలో కొండ గుడికి వెళ్ళే దారిలో చెంగల్రాయ నాయుడుగారికి కల్యాణ మండపం ఉంది. మా అమ్మది ఆ ఊరే కనుక నాకు ఆయన మామ. అక్కడ మండపం అడగడానికి వచ్చినవాళ్ళకు ఆయన రసీదు రాయడు. తాంబూలం పుచ్చుకుంటాడు. పళ్ళెంలో తమలపాకులు, వక్క, కొబ్బరికాయ పెట్టి ఇస్తే, కొండవైపు ఒకసారి దండం పెట్టి అందుకుంటాడు. అంతే, ఆ తేదీ మీది. ఇన్నేళ్ళలో మాట తప్పలేదు. తేదీలన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి.

బస్టాండు దగ్గర లాడ్జి ఆయన కంప్యూటర్ కొన్నాడని విని మామ కూడా కొన్నాడు. కొన్న రోజునుంచి తేదీలు గుర్తుపెట్టుకోవడం మానేశాడు. టైపు చేయడానికి సెల్వి అనే తమిళమ్మాయిని పెట్టుకున్నాడు. మా ఆఫీసు ప్రోగ్రాము రాసింది, అంటే నటరాజన్ సార్ రాశారు.

సెల్వి ముందు తేదీ కొడుతుంది. ఆ రోజు మండపం ఖాళీ ఉంటే ప్రోగ్రాము పేరడుగుతుంది. పేరుకు సార్ పంతొమ్మిది అక్షరాలు చాలనుకున్నారు. ఆయన లెక్కలో మనుషులకు ఒక ఇనిషియలూ, ఒక పొట్టి పేరూ ఉంటాయి. ఆర్. మణి, కె. సెల్వం. మనవాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు? ఇంటిపేరు, సొంతపేరు, ఆ వెనక నాయుడో రెడ్డో, అన్నీ ఉండాలి. ఒక్కటి తగ్గితే ఎవరి పెళ్ళో అనుకుంటారు.

మొదటిరోజే గొడవైంది. మామ తన పేరు కొట్టించుకున్నాడు. ఇంగ్లీషులో "కె చెంగల్రాయ నాయుడు" సరిగ్గా పంతొమ్మిది అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. చివరి యు పడలేదు. "నాయ్‌డ్" అని ఆగిపోయింది. పెద్దమనిషి చిన్నబోయాడు. సార్ ఒక్కరే తిరుత్తణి వెళ్ళి, ప్రోగ్రాము ఫైల్లోనే ఒక అంకె మార్చి, రెండు నిమిషాల్లో యు తెప్పించి వచ్చారు. మామ పేరు పూర్తిగా పడింది. అందరూ పేరు చూసి చప్పట్లు కొట్టారు. దాని పక్కన ఉన్న తేదీని ఎవరూ చూడలేదు.

మంగళవారం పెళ్ళి

ఈ సంవత్సరం జూన్ మొదలవుతుండగా మామనుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నాడు. నాకప్పుడు ఆరో నెల. సార్ వద్దన్నారు కానీ, ఆయన ఒక్కరూ వెళితే ఇంకో రెండు నిమిషాల పని చేసి వస్తారని నాకు భయం. ఆయనతోపాటు రైలెక్కాను.

మేం వెళ్ళేసరికి మండపం ఆఫీసులో ఒక పెద్దాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పేరు గుండ్లూరి మునస్వామి నాయుడు, తిరుత్తణి పక్క పల్లెలో చెరకు రైతు. కూతురి పెళ్ళి. శుభలేఖ మామకు ఇవ్వడానికి వస్తే, తొమ్మిదో తేదీ మండపం వేరేవాళ్ళదని చెప్పారట.

"శుక్రవారం, తొమ్మిదో తేదీ అని తాంబూలమిస్తి గదా!" అంటున్నాడు. "కొండకి మొక్కి తీసుకుంటివి గదా నాయుడా! ఇప్పుడేమో పదమూడంటావా? పదమూడు మంగళవారం. మీ ఇంట్లో మంగళవారం చేస్తారా పెండ్లి?"

"నన్నేం చెయ్యమంటావు మునస్వామన్నా?" మామ గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "ఈ మెషిన్ వచ్చినాక నా బుర్రకి లీవిచ్చేసినా. మెషిన్ పదమూడు అంటా ఉంది. తొమ్మిది ఖాళీ అనింది, అరక్కోణం మణి బిడ్డ పెండ్లని వస్తే ఇచ్చేసినా. ఆయన తాంబూలమూ తీసుకుంటి."

సార్ తెర చూశారు. "ఆపరేటర్ మిస్టేక్" అన్నారు. "వేరే ఏం లే."

సెల్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, నాన్ సరియాదాన్ అడిచ్చేన్" అంది నాతో. సరిగ్గానే కొట్టానని.

"ఒక్కరైతే మిస్టేక్ అనొచ్చు సార్" అన్నాడు మామ. "ఈ జూన్‌లో పదమూడో తేదీకి మూడు పెండ్లిండ్లు చూపిస్తా ఉంది. ఒకే మండపంలో, ఒకే దినం, అదీ మంగళవారం! మూడూ మనోళ్ళవే. మణి, సెల్వం అని పొట్టి పేర్లోళ్ళంతా వాళ్ళ వాళ్ళ తేదీల్లో చల్లగా ఉండారు. మీ మెషిన్‌కి మా తెలుగోళ్ళంటే ఎందుకు సార్ అంత కడుపుమంట?"

"మెషిన్‌కు భాష లేదు నాయుడుగారూ" అన్నారు సార్.

"భాష లేకుంటేనే ఇట్ల చేసిందే, ఉంటే ఇంకేం చేసుండునో" అన్నాడు మునస్వామి.

నేను తెరకు దగ్గరగా జరిగాను. మామ చెప్పినదాంట్లో నాకు ఒక మాట అంటుకుంది. పొట్టి పేర్లవాళ్ళు క్షేమం. పదమూడుకు పోయిన మూడు పేర్లూ గళ్ళ నిండా, చివరిదాకా ఉన్నాయి. మునస్వామి పేరు చివర నాయుడు లేదు, ఇంగ్లీషు నాయుడులో మొదటి ఎన్‌కైనా చోటు దొరకలేదు.

"పొడుగు పేరు వస్తే ఏం చేస్తావు సెల్వీ?"

"బీప్ వస్తుంది అక్కా. ఇంక చోటు లేదని. అప్పుడు ఎంటర్ కొట్టేస్తాను."

ఎంటర్ అన్న మాట వినగానే నేను మళ్ళీ ఆ పదమూడు వైపు చూశాను. మెమరీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ఎంటర్‌కూ ఉంటుంది. ఎంటర్ అంకె పదమూడు.

మామ రెండో పెళ్ళి

సార్‌తో పక్కకెళ్ళి నెమ్మదిగా చెప్పి ఉండవచ్చు. మర్యాద అదే. కానీ సెల్వి ముఖం చూశాక నాకు మర్యాద గుర్తురాలేదు.

"మామా, మీకో పెళ్ళి బుక్ చేద్దామా?"

"ఏమ్మా, అత్త వింటే ఇంట్లోకి రానీదు!"

"ఊరికే మామా. ఇరవై రెండో తేదీ."

సెల్వి ఇరవై రెండు కొట్టింది. ఖాళీ ఉందని చూపింది. మామ పేరు కొట్టింది, పంతొమ్మిది అక్షరాలూ. ఎంటర్. జాబితా తెరిస్తే మామ పెళ్ళి పదమూడో తేదీన ఉంది.

మునస్వామి చేతులు విప్పి మొదటిసారి నవ్వాడు. "రెండో పెండ్లికి మంగళవారమే మంచిదిలే నాయుడా. ఎవురూ రారు, ఖర్చు మిగులుతుంది."

మళ్ళీ ఇరవై రెండే కొట్టించి, ఈసారి ఆర్. మణి అని పెట్టించాను. కదలకుండా ఇరవై రెండు మీదే ఉంది. సార్ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు.

జరిగింది ఇది. జాగ్రత్తగా చదవండి, ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది. కీబోర్డునుంచి పేరు తెచ్చే ఫంక్షన్‌కు మనం బఫర్ చూపించాలి. మొదటి గడిలో, ఎన్ని రావచ్చో మనం అంకె వేయాలి. రెండో గడిలో, ఎన్ని అక్షరాలు వచ్చాయో అది వేస్తుంది. మూడో గడినుంచి పేరు. పేరు చివర ఎంటర్‌ను కూడా తెచ్చి పెడుతుంది. మొదటి గడిలో మనం వేసే అంకెలో ఆ ఎంటర్ కూడా కలిసే ఉంటుంది.

సార్ ముందరి అంకెలకు రెండు గళ్ళు, పేరుకు పంతొమ్మిది, మొత్తం ఇరవై ఒకటి కేటాయించారు. మొదటి గడిలో పంతొమ్మిది వేశారు. అందులో ఒకటి ఎంటర్‌కు పోయింది, పేరుకు పద్దెనిమిదే దక్కాయి. అందుకే మామ యు పడలేదు. ఆ రోజు తిరుత్తణిలో సార్ మొదటి గడిలో అంకెను ఇరవై చేశారు. గళ్ళు మాత్రం ఇరవై ఒకటే ఉండిపోయాయి. గిన్నె మార్చలేదు, కొలత పెంచారు. పేరు నిండుగా ఉన్నప్పుడు ఎంటర్ ఇరవై రెండో గడిలో పడుతుంది. ఆ గడి పేరుది కాదు, తేదీది. అక్కడ భద్రంగా కూర్చున్న తొమ్మిదిని తోసేసి పదమూడు కూర్చుంది. మండపం ఖాళీయా కాదా అన్న తనిఖీ అంతకుముందే అయిపోయింది కనుక ప్రోగ్రాము నోరెత్తలేదు.

"ఒకే ఒక అంకె కదా జయంతీ నేను మార్చింది" అన్నారు సార్ మెల్లగా.

"అవును సార్. రెండు మార్చాల్సింది."

సిస్టం ఫంక్షన్ అక్షరాలా చెప్పినట్టు చేసింది. సెల్వి కూడా.

మునస్వామి అంతా ఓపికగా విన్నాడు. విని, "అదంతా సరేమ్మా" అన్నాడు. "నా బిడ్డ పెండ్లి యాడ చేసేది?"

కార్డులు పంచడం సగమైంది. మిగతా మండపాలన్నీ ఆ శుక్రవారానికి నిండిపోయాయి. పదమూడుకు పోయిన మిగతా రెండు పెళ్ళిళ్ళ అసలు తేదీలు ఖాళీగానే ఉన్నాయి, వాళ్ళకు కబురుచేసి సరిచేయవచ్చు. ఈ ఒక్కటే చిక్కుపడింది. ఇంటి ముందర పందిరి వేద్దామంటే మునస్వామి తల అడ్డంగా ఊపాడు. "పెండ్లికొడుకోళ్ళు కొండ కింద చెయ్యాలని మొక్కుకోనుండారు. అది కుదరకుంటే సంబంధమే వద్దనైనా అంటారు. మొన్ననే మాట మీద మాట వచ్చింది."

నా తలలో ఇంకా గళ్ళే తిరుగుతున్నాయి. మా ప్రోగ్రాములో తేదీకి గడి ఉంది, వేళకు లేదు.

"లగ్నం ఎన్ని గంటలకు అన్నా?"

"రాత్రి ఎనిమిది దాటినాక. చిత్తూరు అయ్యవారు పెట్టినాడు."

"మణిగారిది?"

"వాళ్ళది తెల్లారే" అన్నాడు మామ. "అరవోళ్ళు రాత్రిపూట చెయ్యరు గదా." అనేసి, తన మాట తానే విని లేచి నిలబడ్డాడు. "కానీ మణికి సాయంత్రందాకా ఇచ్చినా. మద్యానానికే పొమ్మని ఎట్ల చెప్పేది? ఎవురు చెప్పేది?"

అందరం నటరాజన్ సార్ వైపు చూశాం.

అరక్కోణంలో

పళ్ళు, పూలు తీసుకుని సార్, నేను సాయంత్రం రైల్లో మణిగారింటికి వెళ్ళాం. మణిగారు ఒప్పుకోలేదు. "మూడు గంటలకు ఖాళీ చేయాలా? మా చుట్టాలు తిని పడుకునే వేళ అది సార్!" అన్నారు. సార్ సాఫ్ట్‌వేర్ అన్నారు, మెమరీ అన్నారు, ఓవర్‌ఫ్లో అన్నారు. ప్రతి మాటకూ మణిగారి ముఖం ఇంకా బిగుసుకుంది.

మంచంమీద వక్క దంచుకుంటున్న మణిగారి తల్లి చేయి ఆపింది. ఆమె తమిళాన్ని నా తెలుగులో రాస్తున్నాను, అవ్వను పిలిచే 'పాట్టీ' ఒక్కటి తప్ప.

"ఇంత సేపూ ఏం జరిగిందో చెప్పావు నాయనా. ఎవరు చేశారో చెప్పలేదే?"

సార్ నావైపు చూశారు. నేను నా పొట్టవైపు చూసుకున్నాను. ఆరో నెలలో ఉన్న సౌకర్యాలలో ఇదొకటి.

"నేనే పాట్టీ" అన్నారు సార్. నాలుగేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"ఆ పిల్ల పెళ్ళి ఆగిపోతుందా?"

"ఆగొచ్చు."

ఆమె కాసేపు వక్క నమిలింది. "సరే, మూడుకు ఖాళీ చేస్తాం. నువ్వు పొద్దున్నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడాలి. మావాళ్ళను తరిమినట్టు ఉండకూడదు. ఒక్కొక్కరికీ తాంబూలం సంచి ఇచ్చి, బస్సెక్కించి, మర్యాదగా పంపాలి. పిల్లాడి చెప్పు పోయినా నువ్వే వెతకాలి. లోపల మనుషులు ఉండగా రెండో పెళ్ళివాళ్ళను రానివ్వకు. గోలవుతుంది."

తిరుగు రైలెక్కాం. నేను వాళ్ళిచ్చిన మురుకులు తింటూ కూర్చున్నాను.

మీరు చేయవలసింది

మరునాడు సార్ ప్రోగ్రాములో పేరుకు రెండువందల గళ్ళు ఇచ్చేశారు. "ఇప్పుడు ఎవడొస్తాడో రానీ" అన్నారు. అది జవాబు కాదని నేననుకున్నాను. రెండువందల గళ్ళిచ్చి మొదటి గడిలో ఎవరైనా రెండువందల యాభై వేస్తే మళ్ళీ ఇదే కథ. పేరు పొడుగు ఎంతో ఒక్కచోటే రాయండి. కేటాయించే గళ్ళూ, ఫంక్షన్‌కు చెప్పే అంకే, రెండూ ఆ ఒక్కదాన్నుంచే లెక్కకట్టించండి. అప్పుడు ఒకటి మారి ఇంకొకటి మారకపోవడం ఉండదు. నేనలా మార్చాను. సార్ సంతకం పెట్టారు, రెండు నిమిషాల్లో.

ఏ సిస్టం ఫంక్షన్‌ను పిలిచే ముందైనా పుస్తకం తెరిచి రెండు ప్రశ్నలకు జవాబు వెతకండి. ఇది నా చోటులో ఎంతవరకు రాస్తుంది? చివర పెట్టే గుర్తు ఆ లెక్కలో ఉందా లేదా? కొన్ని ఫంక్షన్లు కలిపి లెక్కపెడతాయి, కొన్ని కలపవు. ఒక ఇంటి పద్ధతి ఇంకో ఇంట్లో ఉండదు. పరీక్ష చేసేటప్పుడు పొట్టి పేర్లతో చేసి సంతోషపడకండి. గిన్నె అంచుదాకా నింపి చూడండి, నింపాక గిన్నెను కాదు, పక్కన ఏముందో దాన్ని చూడండి.

పాప కదిలింది. ఏం లేదు, పక్కకు తిరిగింది.

తొమ్మిదో తేదీ

నేను రెండు పెళ్ళిళ్ళకూ వెళ్ళాను. ఇద్దరి కోసం తింటున్నాను కనుక రెండు భోజనాలు న్యాయమే.

పొద్దున మణిగారి చుట్టాల సందడిలో సార్ జరీ పంచెతో గుమ్మం దగ్గర నిలబడ్డారు. మధ్యాహ్నం ఆకులు ఎత్తేసినప్పటినుంచి ఒక్కొక్కరినీ సాగనంపడం మొదలుపెట్టారు. తాంబూలం సంచులు పంచారు. ఒక ముసలాయన పళ్ళసెట్టు చేతులు కడిగే చోట వెతికి తెచ్చారు. చెప్పులు రెండుసార్లు వెతికారు.

రెండున్నరకే మునస్వామి బంధువులు రెండు ట్రాక్టర్లలో దిగారు. సార్ గేటుకు అడ్డంగా చేతులు చాచారు.

"లోపల ఇంకా ఉన్నారు. కొంచెం ఆగండి."

"ఎవురప్పా ఈయన? మన పెండ్లికి మనల్నే ఆపతా ఉండాడు?"

"పెండ్లికొడుకు మేనమామేమో."

"కాదంట. కంప్యూటరంట."

"కంప్యూటర్‌కి పంచె గూడా కడతారా?"

సార్ వినిపించనట్టు నిలబడ్డారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వంటవాళ్ళు ఖాళీ అండాలు బయటికి మోస్తుంటే లోపలికి వచ్చే అండాలను ఆపారు. మూడు దాటాక తానే లోపలికి వెళ్ళి మూడు గదులూ, వంటశాలా, మేడా తిరిగి చూసి వచ్చారు. మండపం ఊడ్చారు. గేటు తెరిచారు.

సాయంత్రానికి పీటలు, పూలు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు, అందరూ చేరారు. ముందు వరుస కుర్చీలు వాళ్ళ పెద్దలకని మునస్వామి లెక్కగా వేయించాడు. మొన్న మాట మీద మాట వచ్చిందన్నాడే, వాళ్ళు. ఒక్కరు నిలబడినా మళ్ళీ మొదలవుతుందని ఆయన కళ్ళు ఆ వరుసమీదే ఉన్నాయి. అందరూ వచ్చి కూర్చుంటుంటే, పెళ్ళికొడుకు పెదనాన్న ఒక్కడు నిలబడిపోయాడు. ఆయన కుర్చీలో మణిగారి తల్లి కూర్చుని వక్క నములుతోంది.

సార్ పరిగెత్తారు. "పాట్టీ! మీ బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది!"

"పోనీ. రాత్రి రైలుంది."

"అందరినీ పంపమన్నారు కదా?"

"మావాళ్ళను పంపమన్నాను. నన్ను పంపమన్నానా?" అంది ఆమె. "నా మనవరాలు ఈ పిల్ల రోజును తీసేసుకుంది. పిల్ల మెడలో తాళి పడేది చూడకుండా ఇంటికెళితే నాకు నిద్ర పడుతుందా?"

మునస్వామి దగ్గరికి వచ్చాడు. పెదనాన్న ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు. ఏమనాలో తెలియక రెండు చేతులూ జోడించాడు. "కూర్చోవ్వా, నువ్వు కూర్చో" అన్నాడు.

సార్ నా దగ్గరికి వచ్చారు. చెమటతో పంచె తడిసిపోయింది.

"ఒకరు ఎక్కువయ్యారు జయంతీ."

"ఒక కుర్చీ వేయండి సార్."

వంటశాలనుంచి కుర్చీ తానే మోసుకొచ్చి వరుస చివర వేశారు. పెదనాన్నను చేయిపట్టి కూర్చోబెట్టారు. తర్వాత వరుస ఆ చివరనుంచి ఈ చివరదాకా వేలితో మనుషులను లెక్కపెట్టారు. మళ్ళీ మొదటినుంచి కుర్చీలను లెక్కపెట్టారు. అప్పుడుగానీ నాదస్వరం వాళ్ళవైపు తిరిగి, కానివ్వండని తల ఊపలేదు.